చేయి తీసిన బొమ్మ

సినిమాలలో బొమ్మలు కదలుట, వస్తువులు తమంతట తామే నడచుట మొదలగు వింతలన్నియు పాశ్చాత్యుల యంత్రవిద్యవలన మనకు సంక్రమించినవనియు, ఈ విద్యకు మన దేశమున పూర్వచరిత్ర యేమియు లేదనియు మా మిత్రులొకరు మొన్న గట్టిగా వాదించిరి. వారు బాగుగా చదువుకొన్నవారు. నాలుగేండ్ల క్రిందటివరకు మేమును అట్లే తలచుచుంటిమి. ఆ తలంపు మారుటకు కారణము గ్రంథము గాదు. కేతేపల్లిలో మా బడిపిల్లలు చేసిన యొక చిన్న ప్రయత్నమును, దానిని చూడవచ్చిన యొక వృద్ధుని నోటిమాటయు. ఆ మాట పట్టుకొని వెనుకకు పోయి చూడగా కనబడిన చరిత్రను చదువరుల ముందుంచుచున్నాము.

ముందుగా ఈ విద్య పద్ధతిని చెప్పవలసియున్నది. సినిమా యనునది కదలని ఛాయాచిత్రముల వరుస. సెకనుకు 24 చొప్పున అవి తెరపై పడునప్పుడు కన్ను వానిని వేరువేరుగా చూడజాలక కదలికగా గ్రహించును. ఐతే ఆ పటములన్నియు నొక్క బిగిని తీయవలెనను నియమము లేదు. బొమ్మను నిలిపి ఒక పటము తీసి, కెమేరా నాపి, బొమ్మ చేతిని గోరంత జరిపి, తాను ప్రక్కకు తొలగి మఱియొక పటము తీయవచ్చును. ఇట్లు తీసిన పటములను వరుసగా నడిపినచో బొమ్మ తనంత తానే చేయి యెత్తినట్లుండును. దీనినే స్టాప్ మోషన్ అందురు. ఒక్కొక్క భంగిమకు రెండేసి పటములు వాడినను సెకనుకు 12 భంగిమలు కావలెను, నిమిషమునకు 720. ఓపిక లేనివారు దీని జోలికి పోరాదు. బొమ్మ ప్రక్కనే ప్రాణమున్న నటుడు గూడ నుండవలెనన్నచో కష్టము రెట్టింపగును. బొమ్మకు కాలము లేదు, గంటసేపైనను చేయెత్తియే యుండును. మనుష్యుడు ఊపిరి పీల్చును, రెప్ప వేయును, దురద పుట్టిన గోకుకొనును.

మా పిల్లల ప్రయత్నము విరాటపర్వపు పాఠమువలన పుట్టినది. ఉత్తరుడు కౌరవులతో యుద్ధమునకు బయలుదేరుచుండగా అతని చెల్లెలు ఉత్తర, కురువీరుల సన్నని రంగు వస్త్రములను తన బొమ్మలకొఱకు తెచ్చి యిమ్మని బృహన్నలను వేడుకొనును. అర్జునుడు యుద్ధము ముగిసిన వెనుక ఆ కోరికను మరువడు. ఈ కథ చెప్పి మేము పుస్తకము మూయబోవుచుండగా ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "బట్టలు వచ్చినంక ఆ బొమ్మలు ఏం జేసినయి సార్?" అని యడిగెను. వ్యాసుడు గాని తిక్కన గాని దీనికి బదులు చెప్పలేదు. పిల్లలే చెప్పదలచిరి. బట్టలు కట్టిన బొమ్మ లేచి, ఈ బట్టలెవరివి, కట్టుకొన్నవారు బ్రదికియున్నారా యని ఉత్తర నడుగుటయే వారల్లిన కథ. బాలురకు తోచిన కథ యిది యని చెప్పిన, పెద్దలు మా చేయి యున్నదనుకొందురు. మా చేయి లేదు.

ఊరి వడ్రంగి జానెడున్నర బొమ్మను చెక్కి, భుజములకు మోచేతులకు ఇనుపతీగ కీళ్ళు పెట్టి యిచ్చెను. కెమేరాగా ఒక సెల్‌ఫోను; దానిని నీళ్ళబిందెల స్టాండుకు తాడుతో కట్టిరి. మొదటి దినముననే తెలిసినది: కేతేపల్లి హైదరాబాదు–విజయవాడ రహదారిమీద నున్నది, పెద్ద లారీ పోయినప్పుడెల్ల గది యదరును, పటము చెదరును. రాత్రి తీయుదమన్న లారీలు మఱింత యెక్కువ. కిటికీలోని యెండ జరుగుచుండుటవలన చిత్రములో నీడలు పరుగెత్తినవి. కిటికీలు మూయగా మే నెల యుక్కకు, మైనముతో అంటించిన బొమ్మ కనుబొమ్మలు జారి చెక్కిలిమీదికి వచ్చినవి. ఉత్తరగా కూర్చుండిన బాలిక, బొమ్మను జరిపినప్పుడెల్ల కదలకుండ బిగబట్టుకొని కూర్చుండెను. పది సెకన్ల చిత్రమునకు రెండు గంటలు పట్టెను. నడిపి చూచుకొనగా బొమ్మ మెత్తగా చేయెత్తుచున్నది. బాలికయే తల గిలగిల కొట్టుకొనుచు రెప్పలు టపటపలాడించుచున్నది. "బొమ్మ మనిషి లెక్క ఉన్నది, మనిషి బొమ్మ లెక్క ఉన్నది" అని పిల్లలు పకపక నవ్విరి.

ఆ దినములలో సూర్యాపేటలో కూతురింట నుండుచుండిన యొక వృద్ధుడు, చిన్ననాట జనగామ దిక్కున కొయ్యబొమ్మల నాడించినవాడు, వడ్రంగికి చుట్టమగుటవలన చూడవచ్చెను. గోడకానుకొని చాలసేపు ఊరకయే చూచి, తుదకు ఇట్లనెను: "గిదేం ఆట సారూ? బొమ్మను ముట్టి చెయ్యి తీస్తున్నరు. మేమైతే చెయ్యి తియ్యం. చెయ్యి తీస్తే బొమ్మ సచ్చిపోతది."

మేము నవ్వితిమి, తరువాత ఆలోచింపగా నవ్వదగినది కాదని తోచెను. బొమ్మలాటలో ఆడించువాని చేయి బొమ్మకు ప్రాణము. అది తొలగిన క్షణమున బొమ్మ కట్టె. సినిమాలో చేయి తొలగినప్పుడే పటము. చేయి కనబడిన మాయ చెడును. రెండు విద్యలకు నడుమ భేదమంతయు ఈ చేతిని దాచుటలోనే యున్నది. అట్లైన మనవారెన్నడైనను చేయి తీసిన బొమ్మను ఊహింపలేదా? నటుని ప్రక్కన బొమ్మను నిలుపలేదా?

మా చదువులో సంస్కృతమే మొదటిది గనుక అటువైపే ముందు చూచితిమి. నాటకము నడుపువానికి సూత్రధారుడను పేరు కలదు. సూత్రమనగా దారము. దీనిని బట్టి జర్మనీ పండితుడు పిషెల్, 1900 లో ప్రకటించిన వ్యాసమున, మన నాటకము బొమ్మలాటనుండియే పుట్టినదనియు, బొమ్మలాటకు పుట్టినిల్లు భారతదేశమే యనియు సిద్ధాంతము చేసెను. కీత్ మొదలగువారు దానిని ఖండించిరి. సూత్రమనగా వాస్తువిద్యలో కొలతనూలు గూడ నగును గనుక మేమును పిషెల్‌తో అంతదూరము పోము. అతని సిద్ధాంతము లేకున్నను మనకు చాలినంత సాక్ష్యము కలదు.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరములో మయాసురుని కూతురు సోమప్రభ తన చెలికత్తె కళింగసేనకు ఒక పెట్టెనిండ కొయ్యబొమ్మలను కానుకగా తెచ్చును. చీల నొక్కగానే ఒక బొమ్మ ఆకాశమున కెగిరి పూలమాల తెచ్చును, ఒకటి నీరు తెచ్చును, ఒకటి నాట్యమాడును, ఒకటి మాటలాడును. ఇచట బొమ్మను పట్టుకొన్న చేయి లేదు, దారము లేదు. కవి కోరినది సరిగా చేయి తీసిన బొమ్మనే. అంతకు నూరేండ్లకు పూర్వమే రాజశేఖరుడు బాలరామాయణ నాటకపు ఐదవ అంకమున మఱింత సాహసము చేసెను. సీతకై తపించుచున్న రావణుని ఊరడించుటకు మయుని శిష్యుడైన విశారదుడను శిల్పి సీతవంటి యంత్రపు బొమ్మను చేసి, దాని నోటిలో చదువు నేర్చిన గోరువంక నుంచును. బొమ్మ బదులు పలుకుచున్నదని రావణుడు కొంతసేపు నిజముగనే మోసపోవును. రంగముమీద రావణుడు ప్రాణమున్న నటుడు, సీత బొమ్మ! వెయ్యేండ్ల క్రిందటి యీ రంగమును చదివినప్పుడెల్ల మాకు రాజశేఖరుడు ఆ గోరువంకను నోటిలో నుంచుటయే ఆశ్చర్యముగా నుండును. బొమ్మకు కదలిక యుండి పలుకు లేకున్న నటునితో పొసగదని అతడు తెలిసికొన్నాడు.

ఇవి కవుల ఊహలు. ఊరి వీధులలోని విద్య వేరు. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలమునందలి శివరాత్రి యుత్సవములను వర్ణించుచు నాటి ఆటపాటలలో బొమ్మలాటలను గూడ చెప్పినాడు. ఆయన పాలకుర్తి కేతేపల్లికి దూరము గాదు. నాటినుండి నిన్నమొన్నటివరకు ఈ విద్య తెలుగునాట రెండు పాయలుగా నడచినది. ఒకటి కొయ్యబొమ్మలు, పూర్వపు వరంగల్లు జిల్లాలోని అమ్మాపురమువారు దీనిని కాపాడిరి. రెండవది తోలుబొమ్మలు. మేక, జింక మొదలగువాని తోళ్ళను వెలుగు చొరబారునట్లు పలుచగా చేసి, రంగులు వేసి, నగలున్నచోట సన్నని రంధ్రములు పొడిచి, భుజము, మోచేయి, మణికట్టు వేరువేరుగా కోసి ముడులతో కలుపుదురు. ఆంధ్రదేశపు తోలుబొమ్మలలో కొన్ని నిలువెత్తు మనుష్యునంత యుండును. తెల్లని తెరవెనుక పూర్వము ఆముదపు దీపములు. మద్దెల, తాళములు, యుద్ధఘట్టములలో కాలిక్రింద చెక్కపలకల చప్పుడు. రామాయణ మాడినప్పుడు రంగనాథ రామాయణ ద్విపదలే వారి పాట. ఈ కుటుంబములలో చాలమంది యింటిలో మరాఠీ మాటలాడుకొనుచు తెరవెనుక తెలుగు పాడువారు. ఆడువారు గూడ ఆడుబొమ్మలను పట్టి పాడుదురు. ఈ చివరిమాటను చదువరులు గుర్తుంచుకొనవలెను.

కడప జిల్లాలోని సురభి యను గ్రామమున 1885 లో కీచకవధ నాటకమాడిరి. ఆడినవారు వనారస వంశీయులు. వారిలో గోవిందరావుగారు ప్రధానులు. మహారాష్ట్రమునుండి వలసవచ్చిన యీ కుటుంబము అంతవరకు తోలుబొమ్మల నాడించి జీవించినది. తెరవెనుక నిలిచి బొమ్మకు గొంతునిచ్చినవారే ఆ దినమున తెరముందునకు వచ్చి తామే బొమ్మలైరి. మన నాటకచరిత్రలు వ్రాయువారు 1880 లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు ఆడించిన వ్యవహారధర్మబోధినితో మొదలుపెట్టి, ధార్వాడవారి రాకతో కొనసాగించి, సురభివారిని ఒక వాక్యముతో దాటివేయుట వాడుక. మాకిది న్యాయముగా తోచదు. చదువుకొన్నవారి నాటకములలో స్త్రీపాత్రలకు మీసములు గొరిగించుకొన్న పురుషులు చీరలు కట్టుచున్న కాలమున సురభివారి యింటి యాడువారు రంగమెక్కి నటించిరి. స్త్రీలు రంగమెక్కవచ్చునా కూడదా యని సంస్కర్తలు పత్రికలలో తర్కించుచుండగా, బొమ్మలాటవారి కోడండ్రు ఆ ప్రశ్నను తర్కము లేకయే తీర్చివైచిరి. తెరవెనుక బొమ్మను పట్టి పాడిన గొంతునకు తెరముందు పాడుటకు వెరపేమి?

వారు బొమ్మలను విడిచినను దారములను విడువలేదు. సురభివారి మాయాబజారు, పాతాళభైరవి నాటకములను చూచినవారికి తెలియును: నారదుడు మేఘములనుండి దిగును, బాణమును బాణము ఢీకొని నిప్పులు రాలును, ఘటోత్కచుడు విందు కూర్చుండగా లడ్డూలెగిరి నోటిలోనికి పోవును. అంతయు నల్లదారముల పని. ప్రాణమున్న నటుడు నడుమ కూర్చుండును, చుట్టు వస్తువులు బొమ్మలవలె ఆడును. మేము వెదకుచుండిన సంగతి యిచట దొరకినది.

పడమటి దేశములందు ఇదే కోరిక వేరుమార్గమున తీరెను. పారిసున మెలియెస్ అను ఇంద్రజాలికుడు 1896 లో వీధిని చిత్రించుచుండగా కెమేరా క్షణము నిలిచిపోయి, మరల నడువగా, తెరపైని బండి శవవాహనముగా మారిపోయినదని తానే చెప్పుకొనెను. ఆ యేడే అతడొక స్త్రీని మాయముచేసిన చిత్రము తీసెను. 1908 లో స్పెయిను దేశీయుడు సెగుండో ద షొమోన్ విద్యుత్తు హోటలు అను చిన్న చిత్రమును చేసెను. దంపతులు హోటలునకు వత్తురు. పెట్టెలు తమంత తామే తెరచుకొని బట్టలు సర్దుకొనును, బ్రష్షు తానే చెప్పులు తుడుచును, దువ్వెన తానే తల దువ్వును. నటులును వస్తువులును ఒక్క పటములో! లిథువేనియాలో మ్యూజియమున పనిచేయుచుండిన స్టారెవిచ్, కొమ్ముపురుగుల పోరాటమును తీయబోగా అవి దీపముల వేడికి కదలకుండుటచూచి, చచ్చిన పురుగులకు తీగకాళ్ళు మైనముతో అతికి పటము పటముగా ఆడించెను. 1912 నాటి ఆ చిత్రములను చూచినవారిలో కొందరు పురుగులకు చదువు నేర్పినారని నమ్మిరట.

మన ఫాల్కేగారు గూడ ఆ కాలమువారే. 1912 ప్రాంతమున ఆయన బఠాణీగింజ మొలకెత్తి మొక్కయగుటను దినమునకింతగా పటములు తీసి, నెలకుపైగా జరిగినదానిని తెరపై క్షణములలో చూపెను. దానిని చూచియే ధనమిచ్చువారు ముందుకు వచ్చిరి. 1913 నాటి రాజా హరిశ్చంద్ర దాని ఫలము. అగ్గిపుల్లలు ఆడునట్లు కూడ ఆయన యొక చిన్న చిత్రము తీసెను. భారతీయ సినిమాకు మూలధనము తెచ్చినది ఒక గింజను ఆగి ఆగి చూచుటయే యని మా మిత్రులకు విన్నవించితిమి. వారు కొంచెము మెత్తబడిరి.

బొమ్మయు మనుష్యుడును కలసిన పెద్ద చిత్రములు తరువాతివి. 1933 నాటి కింగ్ కాంగ్‌లో గోపురమంత కనబడు వానరము నిజమునకు మూరెడు బొమ్మ. లోన లోహపు కీళ్ళు, పైన కుందేటి బొచ్చు. విల్లిస్ ఓబ్రయన్ పటమునకొక తూరి దానిని ముట్టుకొని జరుపగా అతని వ్రేళ్ళవలన బొచ్చు చెదరి తెరపై అలలుగా కదలినది. దానిని కొందరు కోపమువలన కలిగిన రోమాంచమని మెచ్చిరట. చేతిని దాచితినని యతడనుకొన్నాడు. ఆ చేయి చిత్రమంతట కనబడుచునే యున్నది. రెండేండ్లకు, 1935 లో, రష్యాలో ప్తుష్కో కొత్త గలివరు అను పూర్తి నిడివి చిత్రమున ఒక బాలుని చుట్టు లిల్లిపుట్టు జనమునంతయు బొమ్మలుగా నిలిపెను. ముఖభావములు మారుటకు ఒక్కొక్క బొమ్మకు మార్చుకొనదగిన తలలు పెక్కు చేయించెను.

ఇక మన మాయాబజారు. 1957 మార్చి 27 న విడుదలయైన యీ విజయావారి చిత్రమునకు కె.వి. రెడ్డిగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు రచయిత, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు, గోఖలే, కళాధరులు కళాదర్శకులు. కథ వ్యాసభారతమున లేదు. జనులు కల్పించుకొన్నది, నాటకములవారు పెంచినది. 1936 లోనే పి.వి. దాసుగారు దీనిని సినిమాగా తీసియుండిరి. 1957 చిత్రములో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడు విందు కూర్చుండగా లడ్డూలు లేచి నోటిలోనికి పోవుటను ఎఱుగని తెలుగువాడుండడు. తెరపైని లడ్డూ తనంత నోటిలోనికి పోవుటకు మార్గములు మూడే. దారము కట్టి లాగుట, ఇది సురభివారిది, అనగా తోలుబొమ్మలవారిది. నోటినుండి పడినదానిని తీసి వెనుకకు నడుపుట. పటము పటముగా జరుపుచు తీయుట. ప్రేక్షకుడు వీనిలో నేది ఏదియో విడదీయజాలడు. విడదీయవలెనని తోచకుండుటయే బార్ట్లేగారి గొప్పతనము. కాని ఒక మాట చెప్పకతప్పదు. ఆ దృశ్యము సినిమా పుట్టించినది కాదు. పల్లెల డేరాలలో పెట్రోమాక్సు వెలుగున జనులు చూచి చప్పట్లు కొట్టినదే వాహినీ స్టూడియో తెరమీదికి వచ్చినది. రంగారావుగారి నోరు మాత్రము కొత్తది. ఆ నోటికి సాటి లేదని మేమును ఒప్పుకొందుము. ప్రక్కన ఎగురుచున్నది లడ్డూయని ఆయన కన్నులు నమ్మినట్లు మఱి యే నటుని కన్నులును నమ్మలేదు.

ఆ చిత్రముననే గిల్పము, గింబళి యనునవి కలవు. తల్పమునకు గిల్పము, కంబళికి గింబళి, పింగళివారి హాస్యము. మాయామందిరమున కౌరవపక్షమువారు కూర్చుండగా గింబళి వారిని చుట్టివేయును, పండుకొనగా గిల్పము పడద్రోయును. సరిగా ఆ 1957 లోనే, భూగోళమునకు ఆవలితట్టున కెనడాలో, నార్మన్ మెక్‌లారెన్, క్లాడ్ జుత్రా అనువారు పది నిమిషముల ప్రయోగచిత్ర మొకటి తీసిరి. దాని కథ యింతే: ఒకడు కుర్చీలో కూర్చుండబోవును, కుర్చీ ఒప్పుకొనదు. పాఱిపోవును, తన్నును, పడద్రోయును. నటుడు జుత్రా, కుర్చీ నాడించినది ఎవలిన్ లాంబర్ట్. ఉపాయమో? సన్నని దారములును, కెమేరా వేగమును మార్చుటయును. సంగీతము మన రవిశంకరు సితారు, చతురలాలు తబలా! గిల్పమును కుర్చీయును ఒకదాని నొకటి ఎఱుగవు. కాని కుర్చీ తిరుగబడుటకు కారణము మన గిల్పమునకు లేనిది. అది తనమీద ఎప్పుడును ఒకరు కూర్చుండుటను సహింపదు. తుదకు ఆ మనుష్యుడు క్రింద కూర్చుండి కుర్చీని తన యొడిలో కూర్చుండనిచ్చును. అంతట అది శాంతించును. మన పింగళివారు నవ్వించిరి, మెక్‌లారెన్ అడిగెను. మేము రెండింటిని ప్రేమింతుము, కాని మా బడిపిల్లలకు ఏది ముందు చూపవలెనన్న కుర్చీనే చూపుదుము.

చేయి దాచుటను గూర్చి చెప్పితిమి గదా. 1965 లో చెకోస్లొవేకియాలో ఇర్జి త్రన్క దానిని దాచకయే చిత్రము తీసెను. పేరు చేయి. ఒక కుమ్మరి బొమ్మ తన పువ్వుకొఱకు కుండలు చేసికొనుచుండగా, తొడుగు తొడిగిన నిజమైన మనుష్యహస్తము గదిలోనికి చొరబడి, తన ప్రతిమనే చేయుమని బలవంతపెట్టును. పంజరమున పెట్టి చేయించును. అతడు తప్పించుకొని చనిపోగా ఘనమైన యంత్యక్రియలు జరుపును. బొమ్మ త్రన్కది, చేయి ప్రభుత్వముది యని అచటివారందరు గ్రహించిరి. 1969 లో త్రన్క మరణించిన వెనుక ప్రభుత్వము ఆ చిత్రమును నిషేధించెను. పదునెనిమిది నిమిషముల బొమ్మచిత్రమును చూచి ఒక రాజ్యము వెరచెను.

ఇంతవరకు ఇతరుల కథ. మా కథయు కొంత చెప్పవలెను, చెప్పుటకు సిగ్గగుచున్నది. 2010 లో మాయాబజారునకు రంగులద్ది మరల విడుదల చేసినప్పుడు మేము పిల్లలను వెంటబెట్టుకొనిపోయి చూపితిమి. లడ్డూల దృశ్యమున వారికంటె ఎక్కువగా చప్పట్లు కొట్టితిమి. ఆ యేడే, మేమప్పుడు పనిచేయుచుండిన బడికి బొమ్మలాటవారి కుటుంబమొకటి వచ్చి, ఒక రాత్రి ఆవరణమున ఆడుకొననిమ్మని అడిగిరి. వలదన్నవారము మేమే. కేతిగాడు, బంగారక్కల మోటుహాస్యము పిల్లల చెవినబడరాదని మా తర్కము. ఆ హాస్యములో మోటుదనము లేదని యిప్పుడును అనము. రాత్రంతయు జనమును మేలుకొలిపి యుంచుటకు వారికి కావలసినది అది. మాటలాడి ఆ ఘట్టములను తగ్గింపుమని కోరియుండవచ్చును, అంతమాత్రము తోచలేదు. వారు మూటలెత్తుకొని పోయిరి. ఆ మూటలలో సురభివారి తాతలు మోసిన బొమ్మలవంటివే యుండినవి. ఏ విద్య తెరమీద కనబడగా చప్పట్లు కొట్టితిమో ఆ విద్య పుట్టిన యింటివారికి అదే యేడు వాకిలి మూసితిమి. మావంటి పంతుళ్ళు ఊరికొక్కరున్నను చాలదా? సినిమా వచ్చి బొమ్మలాటను చంపినదని మనము వ్రాయుచుందుము. సినిమాకు అన్ని చేతులు లేవు.

తోలుబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట అనంతపురపు నేలమీద ధర్మవరమునకు చేరువ నున్నది. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ వచ్చినది. సంతోషమే. కాని ఆ యూరిలో నేడు ఎక్కువగా చేయుచున్నవి తోలు దీపపు గుమ్మటములు. చెరియాల నకాశీలు పొనికికొయ్యమీద చింతగింజల పిండి, రంపపుపొట్టు మెత్తి చేసిన బొమ్మలు పూర్వము కథకులతో ఊరూర తిరిగినవి. ఇప్పుడు వారి ముఖములు పట్టణములలో గోడలకు వ్రేలాడుచున్నవి. కూడు పెట్టుచున్నవి గనుక నిందింపము. ఐనను కీలు తెలిసిన చేయి కీలు లేని వస్తువును చేయుచు కూర్చుండుట చూచినప్పుడు మనసున నొకవిధముగా నుండును. 2012 నాటి ఈగ చిత్రమున కంప్యూటరుతో ఈగను ఆడించినవారికైనను మొదట కావలసినది ఆ కీలు జ్ఞానమే గదా.

వృద్ధుడు మరల వచ్చెను. ఈ తూరి మేము కుర్చీ వేసి కూర్చుండబెట్టితిమి. అతడు కుర్చీలో నుండలేదు. క్రింద బొమ్మప్రక్కన చతికిలబడెను. "చెయ్యి లేవకముందు భుజం దిగాలె" అని ఒకే మాట చెప్పి బొమ్మ భుజమును గోరంత దించి చూపెను. అమెరికా బొమ్మచిత్రముల పాఠములలో ఈ సూత్రమునకు పెద్ద పేరున్నది. అతనికి పేరు తెలియదు. బరువు ఏ కాలిమీద నున్నదో తెలియకుండ బొమ్మను నడిపింపరాదనియు, ఉత్తరగా కూర్చున్న బాలికను బిగబట్టుకొనవద్దనియు, బొమ్మతో పాటు తానును పటమునకు గోరంత కదలుమనియు చెప్పెను. ఆమె యట్లే చేయగా రెప్పల టపటప చాలవరకు తగ్గినది. తొమ్మిది దినములు పట్టెను. లారీలు పోవునప్పుడు అందరు చేతులు కట్టుకొని నిలుచుండిరి.

చిత్రము ముగిసిన సాయంకాలము గోడమీద తెల్లని పంచె కట్టి చూపితిమి. బొమ్మ లేచి, కట్టుకొన్న బట్టను ముట్టి చూచుకొని, ఉత్తరవైపు తల త్రిప్పుచుండగా వృద్ధుడు ఉలికిపడి, "అగో చెయ్యి!" అనెను. మరల వెనుకకు నడిపి చూచితిమి. జరుపువాడు తొలగక మునుపే పటము తీయబడుటవలన ఒక బాలుని చిటికెనవేలు అంచున నిలిచిపోయియున్నది. పిల్లలు ఎవరును చూడలేదు, మేమును చూడలేదు. ఆ బాలుడు సిగ్గుపడి దానిని తీసివేయుదునన్నాడు. వృద్ధుడు వలదన్నాడు. చిత్రము మొత్తము రెండు నిమిషముల పదునొకండు సెకన్లు. వేలు కనబడునది సెకనులో పండ్రెండవ వంతు.